ఆఱవ సూన

హింసను గుఱించి విచారించువారు సాధారణముగా సంకల్పమునే తూచుచుందురు. చంపవలెనని చంపినవాడు పాపి; చంపదలపక చంపినవాడు నిర్దోషి. న్యాయస్థానములకీ కొలత చాలవచ్చును. ధర్మమునకు చాలునా యను సందేహము నాకొక విద్యార్థివలన కలిగినది.

తరగతిలో వలసపక్షుల పాఠము చెప్పుచు న్యూయార్కు నగరమందలి సెంట్రల్ పార్కును ప్రస్తావించితిని. మన్‌హాటన్ నడుమ 843 ఎకరముల విస్తీర్ణముగల యీ యుద్యానము 1858లో ప్రజలకు తెఱవబడినది. ఏప్రిల్ తుదినుండి మే నడుమవఱకు అచట నొక వింత జరుగును. దక్షిణ అమెరికాలోను, మధ్య అమెరికాలోను, కరీబియను దీవులలోను చలికాలము గడపిన చిన్నపక్షులు, గూళ్లు కట్టుటకై ఉత్తరపు టడవులకు రాత్రులందు ప్రయాణము చేయును. తెల్లవారుసరికి క్రింద చూడగా నలుదెసల రాయి, ఇనుము, గాజు; నడుమ నొక్క పచ్చని తునక. అలసినవెన్నియో అచటనే దిగును. అందుచేత మహారణ్యములందు వెదకినను సులభముగా దొరకని జాతులు ఆ తోటలో నొక్క ప్రొద్దుటనే పెక్కు కానవచ్చును. బ్లాక్‌బర్నియన్ వార్బ్లరను పిట్ట యందొకటి. తులమైనను తూగదు, మగపిట్ట కంఠము నిప్పుకణికవలె నుండును. దానిని జూచుటకై వృద్ధులు, బాలురు, పనికి పోవువారు దుర్భిణులు చేతబూని చెట్లక్రింద మెడలెత్తి నిలిచియుందురు.

ఆ నగరవాసు లెల్లప్పుడు నిట్టివారు కారు. 1886లో ఫ్రాంక్ చాప్‌మన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు ఆ వీథులలో రెండుమాఱులు నడచి స్త్రీల టోపీలను లెక్కించెను. 700 టోపీలలో 542 పక్షుల యీకలతోనో, పక్షుల దేహములతోనో అలంకరింపబడియుండెను. క్రిస్మసునాడు పక్షులను వేటాడు నాచారముండగా, చంపుటకు మాఱుగా లెక్కింపుడని 1900లో నాయనయే బోధించెను. ఆ మొదటి లెక్క జరిగిన తావులలో సెంట్రల్ పార్కొకటి. 1918లో వలసపక్షులను రక్షించు చట్టము వచ్చెను. తుపాకి పోయి దుర్భిణి వచ్చినది. టోపీ పోయి లెక్కపుస్తకము వచ్చినది. మానవహృదయము మాఱగలదనుటకిది నిదర్శనమని పాఠము ముగింపవచ్చును. కాని సత్యమును సగము చెప్పి విడువరాదుగదా! తక్కినదియు చెప్పితిని.

ఆ తోటచుట్టు నిలిచిన మేడల గాజుగోడలలో చెట్లును ఆకాశమును ప్రతిబింబించును. పిట్ట దానిని చెట్టేయనుకొని వేగముగా బోయి తాకి కూలును. రాత్రివేళ దీపకాంతులు దారి తప్పించి వానిని మేడలనడుమకు లాగును. ఒక్క న్యూయార్కులోనే యేటేట 90,000 మొదలు 2,30,000 వఱకు పక్షులిట్లు చచ్చుచున్నవని అచటి పక్షిసంరక్షకుల యంచనా.

అపుడొక బాలుడు లేచి, "అయ్యా, టోపీకై చంపినవారు తప్పు చేసిరి. అద్దము పెట్టినవారు చంపవలెనని పెట్టలేదుగదా! వారిది తప్పెట్లగును?" అని యడిగెను. గంట కొట్టిరి, నేను తప్పించుకొంటిని.

ఇంటికి వచ్చి యాలోచింపగా, మన పూర్వులీ ప్రశ్నను వంటయింటిలోనే యెదుర్కొనిరని తోచినది. గృహస్థునకు అయిదు సూనలు, అనగా వధస్థానములు, కలవని మనుస్మృతి మూడవ యధ్యాయము చెప్పుచున్నది: పొయ్యి, తిరుగలి, చీపురు, రోలు, నీటికుండ. వీనిని చంపుటకై యెవరును వాడరు. అయినను చీమలు, పురుగులు చచ్చును. శాస్త్రము గృహస్థుని హంతకుడనలేదు, నిర్దోషియనియు విడువలేదు. ఋణపడినవానిగా నెంచి అయిదు నిత్యయజ్ఞములు విధించెను. అందు భూతములకు బలి యొకటి, అతిథిసత్కార మొకటి. ఆ గ్రంథమందలి సమస్తమును శిరసావహింపుడని నేను చెప్పను. స్త్రీలను గుఱించియు శూద్రులను గుఱించియు నది పలికినదానిని పెక్కింటిని తిరస్కరింతును. కాని నేరము వేఱు, ఋణము వేఱను నీ వివేకము గ్రహింపదగినది. నగరపు గాజుగోడ యాఱవ సూన.

ఐతే మంత్రము చదివి ఋణము తీఱెననుకొనుట ఆత్మవంచన. తీర్చు నుపాయము తెలిసినపుడు ఆ యుపాయముతోనే తీర్చవలెను. న్యూయార్కులోనే జావిట్స్ కన్వెన్షన్ సెంటరను భవనమునకు పాతగాజు తీసి చుక్కలగాజు బిగింపగా పక్షిమరణములు పదింట తొమ్మిదివంతులు తగ్గినవి. క్రొత్తగా కట్టు భవనములు భూమినుండి 75 అడుగులవఱకు, చాలవఱకు, పక్షులు గుర్తింపగల గాజునే వాడవలెనని నగరపాలకమండలి 2019లో శాసించెను; 2021 నుండి యది యమలునకు వచ్చెను. అతిథియనగా తిథినియమము లేనివాడందురు. ఈ పక్షులో, ఏటేట తిథి తప్పక వచ్చునవి. వచ్చునని యెఱుగమను సాకు మనకు లేదు. తెలియనంతవఱకది ఋణము; తెలిసిన పిమ్మట తీర్చకుండుట నేరము.

మఱునాడు ఆ బాలుని కీ యుత్తరము చెప్పితిని. చెప్పుచుండగా నాకే సిగ్గు కలిగినది. మా పాఠశాల క్రొత్తగదుల గాజుకిటికీల క్రింద అప్పుడప్పుడు పిట్ట చచ్చిపడియుండుట నేను చూచుచునే యుంటిని. ఊడ్చివేయుమని చెప్పి తరగతికి పోవుచుంటిని. ఆ చీపురును నాదే, ఆ గాజును నాదే. చుక్కలు అద్దమునకు వెలుపలివైపున, రెండేసి యంగుళముల యెడముతో పెట్టవలెను. వచ్చు ఆదివారమునాడు పిల్లలును నేనును నిచ్చెన వేసికొని ఆ పని మొదలుపెట్టుదుము.