మౌనముగా కొనువాడు

సామెతల గ్రంథము 20వ అధ్యాయము 14వ వచనములో బేరమాడు మనుష్యుడొకడు మనకు కనబడును. అమ్మువాని యెదుట నున్నంతసేపు సరకును తీసివేసి మాటలాడి, అవతలికి వెళ్లిన పిమ్మట తన లాభమును తలంచుకొని ఉప్పొంగును. వానిని చూచి నవ్వుట సులభమే. అయితే ప్రియ చదువరులారా, నోరు విప్పి నిందింపక ఊరకుండి కొనువాని సంగతి యేమి?

1942లో గ్రీసు దేశపు క్షామబాధితుల నిమిత్తము ఇంగ్లాండులో ఆరంభమైన ఆక్స్‌ఫామ్ సంస్థ, 1940ల చివరలో ఆక్స్‌ఫర్డు పట్టణమునందు బ్రాడ్ స్ట్రీటులో ఒక దుకాణము తెరచెను. జనులు ఉచితముగా ఇచ్చిన వస్తువులను అమ్మి, ఆ సొమ్ముతో ఆకలిగొన్నవారికి సాయపడుట దాని ఉద్దేశము. నేడు బ్రిటనులో ఇట్టి దుకాణములు అనేకములు కలవు. బల్లయొద్ద నుండువారిలో చాలమంది జీతము లేని సేవకులు. వారిలో అనేకులకు పాత కోటులన్నియు ఒక్కటే.

తెలిసినవాడు అట్లు చూడడు. బొత్తాముల క్రింద కోటు ముందుభాగమును వ్రేళ్లతో పట్టి, పై గుడ్డను లోపలి అస్తరును మెల్లగా విడదీయును. వాటి నడుమ మూడవ పొర విడిగా జారినయెడల, అది గుఱ్ఱపు వెండ్రుకలు కలిపి నేసిన కాన్వాసు. దర్జీ దానిని దారముతో కుట్టెనే గాని జిగురుతో అంటింపలేదు. పిమ్మట లోపలి జేబు తిప్పి చూచును. కొలతలు తీసి కుట్టు గొప్ప దర్జీలు అక్కడ చీటిమీద కుట్టించుకొన్నవాని పేరును తేదీని వ్రాయుట వాడుక. యుద్ధకాలమున, 1941లో, పొదుపు వస్త్రములపై వేయనారంభించిన ‘సీసీ 41’ ముద్ర కనబడెనా, వాని గుండె వేగముగా కొట్టుకొనును. ఆనాడు జనులు వేరు గతిలేక తొడిగినది, ఈనాడు సేకరించువారు వెదకి వెదకి కొనునది!

వెల చీటిమీద పది పౌనులని యున్నది. దానికి ఎన్నో రెట్లు పలుకునని వానికి తెలియును. చెప్పవలెనా?

“నా కష్టమున్నది గదా” అని అతడనును. ఉన్నది. ఉన్నిని తినునది ఎగురు చిమ్మట కాదు, దాని పురుగు; అందుచేత కోటును సంచిలో బిగించి కొన్ని వారములు గడ్డకట్టు చలిలో నుంచవలెను. రంధ్రము పూడ్చుటకు క్రొత్త దారము పనికిరాదు. ఆ కోటు లోపలి మడతనుండియే పోగులు లాగి, భూతద్దము పెట్టుకొని నేతను అనుసరించి అల్లవలెను. (మత్తయి 9:16లోని మాసిక మాట మనకు ఉపమానము, దర్జీకి అనుభవము. ఇంకను ముడుచుకొనని గుడ్డ తడిసినప్పుడు ముడుచుకొని చుట్టుప్రక్కల నేతను లాగివేయును.) అతడు కొనకపోయినయెడల ఆ కోటు ఏమగును? అమ్ముడుపోని ఉన్ని బట్టలలో కొన్ని తూకమునకు పోయి, ఓడలెక్కి మన పానిపట్టు చేరి, అక్కడ చీల్చబడి దుప్పట్ల నూలగును.

ఈ వాదములో బలము లేకపోలేదు. తాను తొడుగుకొనుటకు కొనువానిని నేను తప్పుపట్టలేను. దుకాణమువారు వ్రాసిన వెల ఇచ్చెను, శ్రమ తానే పడెను. అయితే తిరిగి అమ్ముటకే వారము వారము వచ్చి, మంచివన్నియు ఏరుకొని పోవువాని మాట వేరు. అమ్మువాడు వర్తకుడైతే, సరకు విలువ తెలిసికొనుట వాని పనియే అందుము. ఇచ్చట నష్టపోవువాడు బల్లయొద్ద లేడు. అతడు ఎక్కడనో ఆకలితో నున్నాడు. బేరములో అతనికి నోరు లేదు. “నేను అబద్ధమాడలేదు” అనుట నిజమే. ఎవరును అడుగలేదు గనుక ఆడనక్కరలేకపోయెను.

కోటు బల్లమీద పెట్టి, దీని వెల ఇంతకంటె ఎక్కువని ఒక్క మాట చెప్పినయెడల ఏమగును? ఆ సేవకురాలు కృతజ్ఞత తెలిపి, చీటి మార్చి, కోటును అద్దాల కిటికీలో వ్రేలాడదీయవచ్చును. అప్పుడు అతడు వట్టిచేతులతో ఇంటికి పోవును. లేక నవ్వి, ఫరవాలేదు తీసికొనిపొమ్మనవచ్చును.

ఏది జరుగునో అడుగకముందు తెలియదు. అతడు అడుగకుండుటకు కారణము అదియే.