ముక్కూ మొహం తెలియని మనిషికి

ఉక్రెయిన్ పట్టణాల్లో తిరిగే చిన్న బస్సుల్ని మర్ష్రూత్కాలంటారు. వాటిలో కండక్టరు ఉండడు. వెనక ఎక్కినవాళ్లు చార్జీ డబ్బులు ముందున్న మనిషి చేతిలో పెడతారు. ఆ మనిషి తన ముందువాళ్లకు అందిస్తాడు. అలా ఐదారు చేతులు మారి డబ్బులు డ్రైవరును చేరతాయి. చిల్లర కూడా అవే చేతుల మీదుగా వెనక్కి వస్తుంది. పెద్ద నగరాల్లో కార్డులు వచ్చాక ఈ పద్ధతి తగ్గుముఖం పట్టింది గానీ, విన్నిత్సియాలో నేనున్న కాలంలో ఇది రోజూ చూసే సంగతి. తన నోటు ఎక్కడిదాకా వెళ్లిందోనని మెడ చాచి చూసేవాళ్లు ఒక్కరూ కనిపించేవాళ్లు కాదు.

అదే జనం బస్సు దిగి వీధిలో ఎదురైతే నవ్వరు, పలకరించరు. మెడిసిన్ చదవడానికి వెళ్లిన మన పిల్లలు చలికి ముందే సిద్ధపడి స్వెట్టర్లు సర్దుకుని వెళ్తారు. ఈ మొహాలకు మాత్రం ఎవరూ సిద్ధపడి వెళ్లరు. "మనమంటే వీళ్లకు పడదేమో" అని మొదటి నెలల్లో అనుకోని తెలుగు విద్యార్థి నాకు తారసపడలేదు. మన దగ్గర రైలు కదిలి పది నిమిషాలు కాకముందే ఎదుటి సీటాయన మన ఊరు, ఉద్యోగం, జీతం అడిగేస్తాడు. ఇంటిపేరును బట్టి కులం కూడా తేల్చుకుంటాడు. దాన్ని మనం ఆప్యాయత అనుకుంటాం. అక్కడ అడగకపోవడం మర్యాద. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చాలాకాలం ఆలోచించాను. తెలియని మనిషిని నిజంగా నమ్మేది ఏ సమాజం? అడగవలసినవన్నీ అడిగి, మనవాడేనని తేల్చుకున్నాక టిఫిన్ డబ్బా విప్పే సమాజమా, ఏమీ అడగకుండా డబ్బులు చేతిలో పెట్టే సమాజమా? ఆరా తీసి ఇచ్చే ప్రేమలో ఎదుటివాడు ఫలానావాడై ఉండాలన్న షరతు దాగి ఉంటుంది. ఆ షరతు మనకు ఎంత అలవాటైపోయిందంటే, అది లేని చోట మనకు ఊపిరాడదు.

గడప దాటాక మాత్రం అక్కడి మనిషి వేరు. గడప మీదుగా చేయి కలపరు. మనం లోపలికన్నా వెళ్లాలి, వాళ్లు బయటికన్నా రావాలి. లోపలికి వెళ్తే బూట్లు విప్పాలి, అతిథుల కోసం ఇంటి చెప్పులు విడిగా ఉంటాయి. పూలు పట్టుకెళ్తే బేసి సంఖ్యలోనే తీసుకెళ్లాలి, సరి సంఖ్య చనిపోయినవాళ్లకు. బల్ల ముందు కూర్చున్నాక ఇక లేవడం మన చేతిలో ఉండదు. బీట్‌రూట్‌తో కాచిన బోర్ష్, అందులో చెంచాడు పుల్లటి మీగడ, ఆలుగడ్డ కూరిన వరేనికీలు, ఎండు పళ్లు ఉడికించిన ఉజ్వార్. శాకాహారినని చెబితే అయ్యో పాపమన్నట్టు చూసి రెండో గిన్నె ముందుకు జరుపుతారు. నేనున్న ఇంటి యజమానురాలు, డెబ్బై దాటిన ఆవిడ, బాల్కనీ నిండా ఊరవేసిన దోసకాయల సీసాలు, టొమాటో సీసాలు, చెర్రీ జామ్ సీసాలు పేర్చుకునేది. ఊరి చివర ఆవిడకు కొద్దిపాటి పెరడు ఉండేది. ఒంటరి మనిషి, కిందవీధిలోనే సూపర్‌మార్కెట్ ఉంది, ఇన్ని సీసాలెందుకని నాకు అనిపించేది. ఎండిపోయిన రొట్టెముక్కను కూడా ఆవిడ చెత్తలో వేయగా నేను చూడలేదు.

దానికి జవాబు ఆవిడ చెప్పలేదు, నవంబరు చెప్పింది. నవంబరు నాలుగో శనివారం సాయంత్రం నాలుగు గంటలకు ఉక్రెయిన్‌లో ఇళ్ల కిటికీల్లో కొవ్వొత్తులు వెలుగుతాయి. 1932-33 నాటి హొలొదొమోర్ కోసం, అంటే ఆకలితో చంపిన ఆ రోజుల కోసం. ప్రపంచంలోనే పేరుమోసిన నల్లమట్టి నేల అది. ఆ నేల పండించిన ధాన్యాన్ని స్టాలిన్ ప్రభుత్వం పల్లెల నుంచి ఊడ్చుకుపోయింది. 1932 ఆగస్టు 7న వచ్చిన చట్టం ప్రకారం సమష్టి పొలంలో పరిగె ఏరుకున్నా దొంగతనమే. అందుకు పదేళ్ల జైలు పడవచ్చు, మరణశిక్ష కూడా పడవచ్చు. 1933 జనవరిలో, ఆకలికి తాళలేక ఊరు విడిచిపోయే రైతులను దారుల్లో ఆపి వెనక్కి పంపమని ఉత్తర్వు వచ్చింది. 35 నుంచి 40 లక్షల మంది చనిపోయారని జనాభా శాస్త్రజ్ఞుల అంచనా. ఆ తర్వాత యాభై ఏళ్ల పాటు ఆ మాట పైకి అనడానికి వీల్లేకపోయింది. విశాలాంధ్ర షాపుల్లో చవగ్గా దొరికిన సోవియట్ పుస్తకాలతో పెరిగిన తరం మాది. గొగోల్ మాకు రష్యన్ రచయితే, ఆయన పుట్టింది పొల్తావా ప్రాంతంలోనని ఎవరూ చెప్పలేదు. ఆ పుస్తకాల్లో పొలాలున్నాయి, ట్రాక్టర్లున్నాయి, పాటలు పాడే రైతులున్నారు. ఈ కరువు ఊసు లేదు.

అప్పుడు అక్కడికి వెళ్లిన ఇద్దరు పరదేశీయుల గురించి తెలుగు పాఠకులు తెలుసుకోవాలి. వాల్టర్ డ్యురాంటీ మాస్కోలో ఏళ్ల తరబడి ఉన్న న్యూయార్క్ టైమ్స్ విలేఖరి, 1932లో పులిట్జర్ బహుమతి అందుకున్నవాడు. కరువు లేదని రాశాడు. గారెత్ జోన్స్ వేల్స్ నుంచి వచ్చిన యువకుడు. 1933 మార్చిలో ఖార్కివ్ వైపు వెళ్లే రైలు మధ్యలో దిగిపోయి, మంచులో పల్లె నుంచి పల్లెకు నడిచి, రైతుల ఇళ్లలో పడుకుని, చూసింది చూసినట్టు లోకానికి చెప్పాడు. డ్యురాంటీ తన పత్రికలోనే దాన్ని ఖండించాడు. లోకం డ్యురాంటీనే నమ్మింది. 30వ పుట్టినరోజుకు ముందే జోన్స్‌ను ఉత్తర చైనా ప్రాంతంలో బందిపోట్లు చంపేశారు.

ఈ ఇద్దరి మధ్య తేడా ఎక్కడుంది? చదువులో లేదు, తెలివిలో లేదు. ఒకరు ఆ దేశాన్ని అధికారుల బల్ల దగ్గర కూర్చుని చూశారు, మరొకరు ఆకలితో ఉన్నవాళ్ల గుడిసెలో పడుకుని చూశారు. పరాయి దేశంలో ఉండే మనిషికి ఒక సుఖం ఉంది. అక్కడి కష్టం అతనిది కాదు, జేబులో పాస్‌పోర్టు ఉంది, ఎప్పుడైనా వెళ్లిపోవచ్చు. ఆ సుఖానికి బదులుగా అతను చెల్లించవలసిన బాకీ ఒకటుందని నేను నమ్ముతాను. అన్నం పెట్టిన ఇంటిని ఉన్నదున్నట్టు చూడటం, చూసింది దాచకపోవడం.

దాచకూడదంటే మరో మాట కూడా చెప్పాలి. కష్టం మనుషుల్ని మంచివాళ్లను చేస్తుందని మనకొక నమ్మకం. ఉక్రెయిన్ చరిత్ర ఆ నమ్మకానికి సాక్ష్యం ఇవ్వదు. 1933లో ఇళ్లలో దూరి, పొయ్యి కింద తవ్వి, దాచుకున్న గింజలు పట్టుకుపోయిన దళాల్లో అదే ఊరివాళ్లు కూడా ఉన్నారు. ఆకలి కొందరిని దేవతల్ని చేసింది, కొందరిని పొరుగింటివాళ్ల మీద చాడీలు చెప్పేవాళ్లను చేసింది, ఎక్కువమందిని ఊరికే చంపేసింది. అందుచేత, 'కష్టాలు వాళ్లను రాటుదేల్చాయి' అని దూరంగా కూర్చుని మెచ్చుకోవడం నాకు నచ్చదు. ఆ మెచ్చుకోలులో కష్టం పెట్టినవాడి పేరు మాయమైపోతుంది. బతికి బయటపడ్డవాళ్లు ఆ జ్ఞాపకాన్ని ఏం చేసుకున్నారన్నదే నాకు ముఖ్యం. చాలామంది దాన్ని సీసాల్లో నిలవ చేసుకుని, ఇంటికి వచ్చినవాళ్ల ముందు పెట్టారు.

క్రిస్మస్ ముందురాత్రి భోజనంలో పన్నెండు రకాలు వండుతారు. మొదటిది కుత్యా. ఉడికించిన గోధుమల్లో తేనె, గసగసాలు, అక్రోట్లు కలిపి చేస్తారు. 2023 నుంచి దేశం అధికారికంగా ఈ పండుగను జనవరి 7 నుంచి డిసెంబరు 25కు మార్చుకుంది. ఆ రాత్రి చాలా ఇళ్లలో చనిపోయినవాళ్ల కోసం ఒక చోటు వదిలి, ఒక చెంచా పెడతారు. సంక్రాంతికి పెద్దలకు పెట్టుకునే మనకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. నేను దేవుణ్ణి నమ్మను. చనిపోయినవాళ్లు వచ్చి తింటారనీ అనుకోను. సోవియట్ బడిలో నాస్తికత్వం చదువుకున్న మా ఇంటావిడ కూడా అనుకోదని నా ఊహ. అయినా ఆవిడ చెంచా పెట్టేది. దేవుడు లేని చోట ఈ చెంచాకు అర్థమేమిటి? తిరిగి ఏమీ ఇవ్వలేని మనిషికి కూడా మన భోజనంలో చోటు ఉండాలని చెప్పడమే అనుకుంటాను. పరలోకం మీద నమ్మకం లేకపోయినా ఆ మాట నిలబడుతుంది. నమ్మకం లేనప్పుడే మరింత గట్టిగా నిలబడుతుందేమో కూడా.

వాళ్ల తత్వవేత్త హ్రిహోరీ స్కొవొరొదా (1722-1794) జీవితమే ఒక పరీక్ష ఈ విషయంలో. ఖార్కివ్ కళాశాలలో పాఠాలు చెప్పిన మనిషి. మఠం పదవుల్ని వద్దన్నాడు. చివరి పాతికేళ్లు ఇల్లూ వాకిలీ లేకుండా, సంచిలో పుస్తకాలతో, వేణువుతో ఊరూరూ తిరిగాడు. ఎవరు రమ్మంటే వాళ్లింట్లో ఉన్నాడు. 500 హ్రివ్నియా నోటు మీద ఆ దేశం ముద్రించుకున్న బొమ్మ ఈ ఇల్లులేనివాడిది. ఖార్కివ్ దగ్గర పల్లెలో ఒక మిత్రుడి ఇంట్లోనే కన్నుమూశాడు. ఆ ఇంటిని మ్యూజియం చేశారు, ఆ పల్లెకు ఆయన పేరే పెట్టుకున్నారు. 2022 మే 6 రాత్రి, ఆయన పుట్టి 300 ఏళ్లు నిండబోతున్న ఏడాదిలో, రష్యా క్షిపణి ఆ మ్యూజియాన్ని కూల్చింది. ఒక అతిథికి చోటిచ్చినందుకు గుర్తుగా నిలిచిన ఇల్లది. దాని మీద క్షిపణి వేసినవాళ్లను క్షమించే తత్వశాస్త్రం నా దగ్గర లేదు.

యుద్ధం వచ్చాక ఆ దేశంలో కొత్త అలవాట్లు పుట్టాయి. రోజూ ఉదయం తొమ్మిదింటికి ఒక్క నిమిషం మౌనం. సైనికుడి శవాన్ని సొంతూరికి తీసుకెళ్తుంటే దారి పొడుగునా జనం మోకాళ్ల మీద కూర్చుంటారు, అతని పేరు కూడా తెలియనివాళ్లు. కరెంటు పోయిన చలికాలంలో ఊరూరా 'లొంగని చోట్లు' అనే పేరుతో గుడారాలు వేశారు. వెచ్చదనం, టీ, ఫోన్ చార్జింగు ఎవరికైనా ఇస్తారు, ఎవరని అడగరు. బడుల్లో, లైబ్రరీల్లో ఆడవాళ్లు సైన్యానికి మరుగు వలలు అల్లుతారు. వీటిని వీరత్వమని పత్రికలు రాస్తాయి. నాకు మాత్రం వీటిలో ఆ పాత బస్సే కనిపిస్తుంది. ఎవరిదో తెలియని నోటును ముందుకు అందించడం రోజూ చేసిన చేతులకు, ఎవరికో తెలియని వల అల్లడం కొత్తగా నేర్చుకోవలసిన పనేమీ కాదు. ఆపదలో బయటపడే మంచితనం ఆపదలో పుట్టదు. అంతకు ముందే, ఎవరూ లెక్కపెట్టని రోజుల్లో అలవాటు కావాలి.

మరి 2022 ఫిబ్రవరి చివర సరిహద్దు దగ్గర ఏం జరిగింది? పోలండ్ వైపు వెళ్లే దారుల్లో మన విద్యార్థులను, ఆఫ్రికా విద్యార్థులను పక్కకు నెట్టారని, గంటల తరబడి చలిలో ఆపేశారని, కొందరిని కొట్టారని ఆ పిల్లలే చెప్పారు. అది అబద్ధం కాదు. అదే దారిలో పల్లెల ఆడవాళ్లు వేడి సూపు, రొట్టెలు తెచ్చి ఇచ్చారనీ ఆ పిల్లలే చెప్పారు. అదీ అబద్ధం కాదు. రెండూ ఒకే జాతి చేసింది, ఒకే రోజున చేసింది. రైలులో చోట్లు తక్కువైనప్పుడు 'మనవాళ్లు' అన్న గీతను ఎవరైనా గీస్తారా? ఏమీ అడగకుండా నమ్మే సమాజం కూడా భయం పుట్టిన రోజున చర్మం రంగు అడుగుతుందా? అడుగుతుంది. నేను ప్రేమించిన సమాజమైనా ఆ మాట చెప్పి తీరాలి. కానీ తీర్పు చెప్పే ముందు మనవైపు కూడా చూసుకోవాలి. సుమారు 22,500 మంది భారతీయులు క్షేమంగా తిరిగి వచ్చాక, మన టీవీల్లో ఉక్రెయిన్ కనుమరుగైంది. మన పిల్లలకు గదులిచ్చినవాళ్లు, పాఠాలు చెప్పినవాళ్లు, జ్వరమొస్తే బోర్ష్ కాచి ఇచ్చినవాళ్లు ఏమయ్యారని ఎంతమందిమి అడిగాం? 2022 జూలై 14న పట్టపగలు విన్నిత్సియా నడిబొడ్డున క్షిపణులు పడి, చిన్నపిల్లలతో సహా ఇరవైమందికి పైగా చనిపోయారు. వందలాది మన పిల్లలు తిరిగిన ఊరది. మన పత్రికల్లో అది లోపలి పేజీల వార్త. మన గీత కూడా ఏమంత విశాలం కాదు.

అయినా ఆ దేశం మనకు మరీ తెలియనిదేమీ కాదు. 'నాటు నాటు' చూసినవాళ్లందరికీ కీవ్‌లోని మరీయిన్‌స్కీ భవనం తెలుసు. 2021 ఆగస్టులో ఆ పాట అక్కడే తీశారు. దానికి కూతవేటు దూరంలో ఉన్న అర్సెనాల్నా మెట్రో స్టేషన్ నేలకు 105 మీటర్ల లోతున ఉంటుంది. సైరన్ మోగిన రాత్రుల్లో కీవ్ జనం పిల్లల్నీ పిల్లుల్నీ ఎత్తుకుని ఇలాంటి స్టేషన్లలోకే దిగుతారు.

ఇది చదువుతున్నవాళ్లలో అక్కడ చదివి వచ్చి, ఈ రోజు విజయవాడలోనో వరంగల్‌లోనో ప్రాక్టీసు చేస్తున్న డాక్టర్లుంటారు. పిల్లల్ని అక్కడికి పంపి, రాత్రుళ్లు నిద్ర లేకుండా గడిపిన తల్లిదండ్రులుంటారు. మీకు తెలిసిన ఒక ఇంటి నంబరు ఇంకా మీ ఫోనులో ఉండే ఉంటుంది. భాష మరిచిపోయామని సందేహించకండి. ఫోన్ చేసి, ఈ చలికాలం ఎలా గడుస్తోందో, ఇంట్లో కరెంటు ఉంటోందో లేదో, ఏమైనా పంపమంటారేమో అడగండి.