వడ్డించిన వాళ్ళ విస్తరి

వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిని కూర్చున్నా ఫరవాలేదన్నారు పెద్దలు. బాగానే ఉంది. తినేవాళ్ళు ఎక్కడ కూర్చోవాలో చెప్పారు. ఆ వడ్డించే మనిషి ఎప్పుడు కూర్చోవాలో, ఆ మనిషికి విస్తరి ఎవరు వెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు.

ఈ ప్రశ్న నాకు రిసార్టుల పుణ్యమా అని వచ్చింది. మా మల్కాజ్‌గిరి నుంచి అల్వాల్, హకీంపేట దాటుకుని షామీర్‌పేట వైపు వెళ్ళారంటే చాలు, రోడ్డుకి అటూ ఇటూ బోర్డులే బోర్డులు. తోటలో కుటీరాలు, పక్కనే గొప్ప భోజనశాల, రెండు రోజులుండి తిని రావడానికి ఒక సామాన్య సంసారి నెల సరుకుల ఖర్చు. పుట్టినరోజులకీ పెళ్ళిరోజులకీ పిల్లలు పెద్దవాళ్ళని అక్కడికి తీసుకెళ్ళడం ఇప్పుడు రివాజయింది. మా అత్తగారికిది బొత్తిగా గిట్టదు. "డబ్బు కట్టి చుట్టంగా వెళ్ళడమేమిటమ్మాయ్? అన్నం పెట్టి వెల పుచ్చుకునేవాడు ఒకడూ, ఇచ్చి తినేవాడు ఇంకొకడూ! ఇదేం మర్యాద?" అంటారు.

తేలిగ్గా తోసెయ్యదగిన మాట కాదది. ఆతిథ్యం కొనుక్కోవచ్చునా? కొన్నాక అది ఆతిథ్యమేనా?

అన్నం అమ్ముకోవడం పాపమని మనవాళ్ళు చాలాకాలం అనుకున్న మాట నిజమే. అనుకుంటూనే కొనుక్కు తిన్నారన్నదీ అంతే నిజం. కాకతీయుల ఓరుగల్లును కళ్ళకి కట్టించే క్రీడాభిరామంలో ఒక పూటకూళ్ళ ఇల్లుంది. ఒక్క రూక ఇస్తే చాలు, సువాసనల బియ్యపన్నం, పిండివంటలు, కమ్మని నెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళతో కడుపునిండా భోజనం. ఆ వర్ణన చదివితే ఈనాటి నక్షత్రాల హోటళ్ళు కూడా తలవంచుకోవలసిందే. పరాయి ఊళ్ళో ఆకలేసిన బాటసారికి, ఎవరి గడపా తొక్కి చెయ్యి చాచనక్కర్లేకుండా, రూక ఇచ్చి దర్జాగా తినే సదుపాయమది. అందులో పాపమెక్కడుందో నాకు తెలియదు.

పాపమంటూ ఉంటే అది వేరేచోట ఉంది. పూటకూళ్ళ ఇళ్ళు నడిపినవాళ్ళలో చాలామంది మరో ఆధారం లేని ఆడవాళ్ళు, మొగుడు పోయినవాళ్ళు. గురజాడవారి కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ గుర్తుందిగా? గిరీశం ఆమె వంట తిన్నాడు, డబ్బు దగ్గిర దగా చేశాడు. లోకం మాత్రం గిరీశం మాటలకి నవ్వుకుని, ఆమెను చిన్నచూపు చూసింది. అంత నాటకంలో ఆవిడ పేరేమిటో కూడా మనకి తెలియదు. ఆమె చేసే పనే ఆమె పేరయి కూర్చుంది. ఇవాళ మా వీధి చివర కర్రీ పాయింటులో సాయంత్రమయ్యేసరికి నాలుగు కూరలూ, పప్పూ, సాంబారూ వండిపెట్టే ఆవిణ్ణి కూడా మేమంతా "కర్రీ పాయింటావిడ" అనే అంటాం. ఉద్యోగాల నుంచి అలిసొచ్చిన ఎందరు ఆడవాళ్ళ నడుములు ఆవిడ కాపాడుతోందో లెక్కలేదు.

అమ్మకుండా పెట్టినవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. డొక్కా సీతమ్మగారి పేరు వినని తెలుగిల్లు ఉండదు. 1841లో పుట్టి, గోదావరి పాయల మధ్య ఉన్న లంకల గన్నవరానికి కోడలిగా వచ్చిన ఇల్లాలు. రేవులు దాటి వేళకాని వేళలో వచ్చే బాటసారులకి ఆ ఊళ్ళో సత్రమూ ఆవిడ ఇల్లే, హోటలూ ఆవిడ ఇల్లే. కులమేమిటని అడగకుండా, వేళ చూడకుండా, 1909లో కన్నుమూసేదాకా పెడుతూనే ఉందామె. గన్నవరం దగ్గిర గోదావరి మీది అక్విడెక్టుకి ఆమె పేరు పెట్టారు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ ఆమె పేరే పెట్టారు.

ఆమె గురించి గోదావరి సీమలో ఒక కథ చెప్పుకుంటారు. జన్మకల్లా ఒక్కసారి అంతర్వేది నరసింహస్వామిని చూద్దామని బయలుదేరిందట. దారిలో ఎవరో ప్రయాణీకులు, పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే, "కాస్త ఓర్చుకోండి, గన్నవరం చేరితే సీతమ్మగారు అన్నం పెడుతుంది" అనుకోవడం ఆమె చెవిని పడింది. అంతే, దర్శనం మానుకుని వెనక్కి తిరిగి, వాళ్ళకంటే ముందు ఇల్లు చేరి పొయ్యి రాజేసిందట.

ఈ కథ విన్నప్పుడల్లా చేతులెత్తి దణ్ణం పెడతాను. పెట్టాక ఒక సందేహం పీడిస్తుంది. ఆవిడ అంతర్వేది దాకా వెళ్ళి ఉంటే, అక్కడ ఆవిడకి విస్తరి వేసి "తల్లీ, కూర్చో" అనేవాళ్ళు ఎవరైనా ఉండేవారా? ఆమె త్యాగం గొప్పది. కాని ఒకామె త్యాగాన్ని గొప్పగా చెప్పుకునే లోకం, ఇంటింటా ఇల్లాలి దగ్గిర అదే త్యాగాన్ని బాకీలా వసూలు చేస్తే, అది మటుకు గొప్ప కాదు.

ఇక ఊరికే పెట్టిన ఆతిథ్యమంతా పవిత్రమేనా అంటే, ఫలక్‌నుమా వైపు చూడండి. పాయిగా ప్రభువు వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేసి, ఆనాటి హైదరాబాదు పొలిమేర గుట్ట మీద కట్టించుకున్న మేడ అది. నూటొక్కరు ఒకేసారి కూర్చుని తినే బల్ల ఉందందులో. ఆ మేడ కట్టించి ఆయన అప్పులపాలయ్యాడనీ, ఆరో నిజాము చుట్టంచూపుగా వచ్చి ముచ్చటపడితే మేడనే ఇచ్చేశాడనీ చెబుతారు. పెద్దవాడికి పెట్టే విందులో ప్రేమ ఎంతో, భయమెంతో, రేపటి లెక్క ఎంతో, పెట్టినవాడికే తెలియాలి. 2010 నుంచి ఆ మేడ హోటలు. డబ్బు కట్టగలిగినవాళ్ళు ఎవరైనా వెళ్ళి బస చెయ్యవచ్చు. కట్టగలిగేవాళ్ళు కొద్దిమందే, ఒప్పుకుంటాను. అయినా ప్రభువు దయ కోసం పెట్టిన విందుకంటే, బిల్లు చెల్లించి లేచే భోజనమే నిజాయితీ అయినదేమో! అక్కడ ఎవరికీ ఎవరి ఋణమూ లేదు.

అయితే నిజంగా ఏ ఋణమూ లేదా? దీనికి జవాబు నాకు మా వదినగారి దగ్గిర దొరికింది.

మావారి అక్కగారావిడ. అరవయ్యేళ్ళు దాటాయి. నలభయ్యేళ్ళుగా వచ్చేపోయే జనానికి వండి వార్చిన చెయ్యి. వాళ్ళ పెళ్ళిరోజుకని కొడుకు అందర్నీ షామీర్‌పేట అవతల ఒక రిసార్టుకి తీసుకెళ్ళాడు. రాత్రి భోజనానికి కూర్చున్నాం. గంగాళం మూతంత పళ్ళెం, దాని మధ్యన ఉసిరికాయంత కూర. గుక్కెడు ఉలవచారు గాజుగ్లాసులో పోసి, పైన మీగడ చుక్క వేసి తెచ్చారు. మేమంతా నవ్వుకుంటున్నాం. వదినగారు మాత్రం రెండుసార్లు లేచి నిలబడ్డారు. అలవాటు! ఎవరి పళ్ళెంలో ఏం తగ్గిందోనని చూపు. వడ్డించే కుర్రాడు, ఇరవయ్యేళ్ళుంటాయేమో, "మీరు కూర్చోండమ్మా, మేమున్నాం కదా" అన్నాడు. ఆవిడ కూర్చున్నారు. కాసేపటికి చూస్తే కళ్ళు తుడుచుకుంటున్నారు. "ఏం వదినా?" అంటే, "ఏం లేదు. వేడివేడిగా తినడం ఇలా ఉంటుందన్నమాట" అన్నారు.

మా నవ్వులు ఆగిపోయాయి. ఆ ఇంటి వంట గురించి ఊరంతా చెప్పుకుంటుంది. ఆ వంట వేడిగా ఎలా ఉంటుందో వండిన మనిషికే తెలియదన్న సంగతి అంతవరకు మాలో ఎవరికీ తట్టలేదు.

భోజనం చివర్లో ఆవిడే ఆ కుర్రాణ్ణి అడిగారు, "నువ్వు తిన్నావా బాబూ?" అని. వాడు తడబడ్డాడు. ఆ ప్రశ్న వాడికి నేర్పిన మర్యాదల్లో లేదు. "అందరూ లేచాక, పదకొండు దాటాక తింటామమ్మా" అన్నాడు. మర్నాడు పొద్దున్నే చూద్దును కదా, గది ఊడ్చే అమ్మాయి రాకముందే వదినగారు దుప్పట్లు మడిచి పక్క సర్దేశారు. "డబ్బు కట్టాంగా వదినా!" అంటే, "కట్టింది పనికి. ఆ పిల్ల నడుం నొప్పికి కట్టలేదుగా" అన్నారు.

బిల్లుతో ఋణం తీరుతుందా అన్న ప్రశ్నకి ఇంతకంటే మంచి జవాబు నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. చట్టం కూడా ఒక మేరకి ఇదే గీత గీసింది. హోటళ్ళవాళ్ళు బిల్లులో తమంతట తాము సర్వీసు చార్జి కలపరాదని 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మాటను సమర్థించింది. ఇష్టమైతే ఇవ్వవచ్చు, బలవంతం కూడదని. అంటే వెల ఎక్కడ ఆగుతుందో చట్టం చెప్పింది. ఆ తర్వాతది మన మనసుకి వదిలింది.

ఇంకొక చిన్న సంగతి. హోటలు అన్న మాటకీ, హాస్పిటలు అన్న మాటకీ మూలం ఒకటే. లాటిన్ భాషలో హోస్పెస్ అన్న మాట. దానికి అతిథి అని అర్థమూ ఉంది, అతిథికి పెట్టేవాడు అన్న అర్థమూ ఉంది. ఇద్దరికీ ఒకే మాట! భాష తెలియక చేసిన పొరపాటు కాదిది. ఇవాళ పెట్టినవాడు రేపు తినాలి, ఇవాళ తిన్నవాడు రేపు పెట్టాలి, అది వంతు మీద నడిచే ధర్మం అని కదూ దానర్థం? మన ఇళ్ళల్లో పోయింది ఆ వంతే. ఒకరు ఎప్పుడూ తినేవాళ్ళు, ఇంకొకరు ఎప్పుడూ పెట్టేవాళ్ళు అయిపోయారు. అందుకే వంతు రాక రాక, ఆడది రెండు రోజుల అతిథి మర్యాద డబ్బిచ్చి కొనుక్కోవలసి వస్తోంది.

అంచేత మా అత్తగారికి నేను చెప్పేదేమిటంటే, కొనుక్కోవడం తప్పు కాదు. అమ్మడమూ తప్పు కాదు. ఓరుగల్లు పూటకూళ్ళ ఇంటి నుంచి మా వీధి కర్రీ పాయింటు దాకా ఆ అమ్మినవాళ్ళే మనల్ని బతికించారు. వెల చెల్లించాం కదా అని వడ్డించిన మనిషి ఆకలి మరిచిపోవడం తప్పు. వెల లేదు కదా అని ఇంట్లో వడ్డించే మనిషి ఆకలి మరిచిపోవడం ఇంకా పెద్ద తప్పు.

ఏడాదికోసారి రిసార్టుకి తీసుకెళ్ళే కొడుకులు మంచివాళ్ళే, వెళ్ళిరండి. కాని రిసార్టు దాకా వెళ్ళనక్కర్లేని ఆతిథ్యం ఒకటుంది. వారానికి ఒక్క పూట, ఇంట్లో వండిన మనిషిని ముందు కూర్చోబెట్టి, అన్నం పొగలు కక్కుతుండగా వడ్డించండి. ఉప్పు ఎక్కువైందో తక్కువైందో ఆవిణ్ణే చెప్పనివ్వండి.