వాడుకుంటేనే మనది

డాలస్‌లో అయినా డబ్లిన్‌లో అయినా, కొత్త ఇంట్లో చేరగానే మనవాళ్లు ముందు గుమ్మానికి తోరణం కడతారు. మామిడాకులు దొరక్కపోతే ప్లాస్టిక్‌వైనా సరే. దేవుడి కోసం ఓ అలమర ఖాళీ చేస్తారు. పొద్దున లేచింది మొదలు కళ్లప్పగించి చూసే ఫోను మాత్రం కొన్ననాడు ఎలా వచ్చిందో అలాగే ఉంటుంది. కంపెనీవాడు పెట్టిన బొమ్మ, వాడు పెట్టిన గంట, వాడు పేర్చిన వరస. పిల్లల్ని వారానికోసారి తెలుగు బడికి తీసుకెళ్తాం. మిగిలిన ఆరు రోజులూ వాళ్లు మన చేతిలో చూసేది ఈ తెరనే కదా!

మనకంటే ముందు విదేశాలకు వచ్చినవాళ్లకు తెలుగు రాసుకోవడానికి ఇంత సౌకర్యం లేదు. 1990ల మొదట్లో అమెరికాలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థుల కంప్యూటర్లకు మన లిపి వచ్చేది కాదు. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కొందరు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి మన లిపిలోకి మార్చుకునే పద్ధతి ఒకటి కల్పించారు. అదే ఆర్‌టీఎస్. అందులో 'ఆర్' అంటే రైసే. 1998లో ఇంటర్నెట్‌లో 'ఈమాట' పత్రిక మొదలైంది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా, అది మామూలు ఇళ్ల కంప్యూటర్లకు చేరేసరికి దాదాపు పదేళ్లు పట్టింది. ఆ తర్వాత కాలిఫోర్నియాలోని సిలికానాంధ్ర సంస్థ తెలుగు ఫాంట్లు ఉచితంగా అందరికీ ఇచ్చింది. పెద్దన, తిమ్మన, ధూర్జటి, రామభద్ర అని రాయలవారి కొలువు కవుల పేర్లు వాటిలో కొన్నిటికి పెట్టారు. గూగుల్ ఫాంట్స్‌లోంచి ఎవరైనా దించుకోవచ్చు.

ఏమీ లేని రోజుల్లో వాళ్లు తయారుచేశారు. అన్నీ అమరిన రోజుల్లో మనం ఇంటి గ్రూపులో "బాగున్నారా" అని కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడుతున్నాం.

మార్పు ఎక్కడ మొదలుపెట్టాలంటే, ఫోన్లో దాచుకున్న పేర్ల దగ్గర. మా ఇంట్లో చుట్టాల పేర్లన్నీ తెలుగు లిపిలోకి మార్చాం. గంట మోగితే తెర నిండా 'అమ్మమ్మ'. మా చిన్నవాడు మ కింద మ వత్తును వాచకంలో కంటే ముందు అక్కడే గుర్తుపట్టాడు. తాతయ్య, పెద్దమ్మ, అత్తయ్య, చిన్నాన్న... మన వరసల్లో ఎన్ని వత్తులున్నాయో చూడండి! ఒక్క చిక్కుంది. ఇంగ్లీషులో నడిచే ఫోన్లలో తెలుగు పేర్లు జాబితా అడుక్కి చేరతాయి. తరచూ పిలిచేవాళ్లను ఫేవరెట్స్‌లో పెట్టుకుంటే సరి.

తర్వాత క్యాలెండర్. చాలా పండగలకు తిథిని సూర్యోదయంతో చూస్తాం కాబట్టి హైదరాబాదులో పండగ రోజు, మనముండే ఊళ్లో పండగ రోజు ఒక్కోసారి వేరవుతాయి. ఇండియా పంచాంగం ఫొటో ఫార్వర్డ్ చేసుకుంటే ఏటా అదే గందరగోళం. మనముండే ఊరికి గణించిన పంచాంగం చూసి, ఏడాది పండగలన్నీ ఒక్కసారి కూర్చుని ఫోన్లో ఎక్కించుకోవచ్చు. ఆ పని పిల్లలకే అప్పగించండి. ఏకాదశి అంటే ఏమిటో వాళ్లే వచ్చి అడుగుతారు.

ఇక తెర మీద బొమ్మ సంగతి. చేర్యాల పటం నిలువుగా పొడుగ్గా సాగుతుంది, వెనక ఎర్రటి రంగు. కథకుడు దాన్ని విప్పుతూ ఒక్కో బొమ్మా చూపించి కథ చెబుతాడు. అందులో ఒక్క ముక్క తీసుకున్నా ఫోన్ తెరకు కొలిచి చేసినట్టుంటుంది. అంతకంటే మేలు, సంక్రాంతికి గరాజ్ ముందు మీ అమ్మాయి వేసిన చుక్కల ముగ్గు. వంకరపోయినా ఫర్వాలేదు.

అయితే బొమ్మ మార్చినంత మాత్రాన పని అయిపోదు. తిరుమల గోపురం వాల్‌పేపర్‌గా పెట్టి, దాని మీద వరసగా అవీ ఇవీ చూసే యాప్‌లే నింపితే రోజంతా చూడటంతోనే సరిపోతుంది. మొదటి వరసలో చేతికి పని చెప్పేవి ఉండాలి: రాసుకునే నోట్స్, గొంతు దాచిపెట్టే రికార్డర్, కెమెరా, తెలుగు కీబోర్డు. కాలం తినేవి వెనక పేజీకి పోవాలి.

ఆ రికార్డర్ ఎందుకో చెబుతాను. మా అమ్మను గోంగూర పచ్చడి కొలతలు అడిగితే, "ఇంగువ వేసినట్టు తెలియాలి, అంతే" అంది. గిద్దెడు నూనె, చారెడు మిరపకాయలు. కప్పుల్లోకి, స్పూన్లలోకి మార్చకుండా ఆవిడ మాట ఆవిడ గొంతులోనే దాచాం. వెనకాల మిక్సీ మోత, పాలవాడి కేక కూడా అందులోనే పడ్డాయి. ఆ రికార్డింగు కింద ఆవిడ మాటల్ని మా పెద్దమ్మాయి తెలుగులో టైపు చేసి, పైన పేరు ధూర్జటి ఫాంట్‌లో పెట్టింది. అలా ఒక్కో వంటా చేరి ఇప్పుడది మా ఇంటి వంటల పుస్తకమైంది. కొనలేదు, ఎవరిదీ కాపీ కొట్టలేదు.

మన విలువలంటే వేదిక మీద ఏడాదికోసారి చూపించేవి మాత్రమే కావు. ఏ పనీ లేనప్పుడు చెయ్యి అలవాటుగా ఎటు పోతుందో అందులోనూ ఉంటాయవి. ఆ రోజుల్లో లిపి కోసం కూర్చున్న కుర్రాళ్ల రుణం సన్మానాలతో తీరదు, వాళ్లిచ్చింది వాడితే తీరుతుంది. ఈ వారం ఒక్క పేరు తెలుగులోకి మార్చండి. ఆ మనిషికే ఫోన్ చేసి, ఒక వంటో కథో అడిగి రికార్డు చేయండి. రాసే పని పిల్లలకు వదిలేయండి. తప్పులుంటే ఉండనివ్వండి, ముందు రాయడం మొదలుకావాలి.