కొర్రమీనుకు ఏ ఎర వేద్దాం?

"ఎలా పట్టినా చేప చావాల్సిందే కదా మాస్టారూ, ఇంక పద్ధతి ఏదైతే ఏం?" ఐదో తరగతిలో చెరువు పాఠం చెబుతుంటే ఒక పిల్లవాడు వేసిన ప్రశ్న ఇది. పాఠ్యపుస్తకంలో దీనికి జవాబు లేదు. చెరువులో ఉండే జీవుల పేర్లు, ఎవరిని ఎవరు తింటారన్న బొమ్మ మాత్రం ఉన్నాయి. ఆ బొమ్మలో మనిషి లేడు. గాలం పట్టుకున్న మనిషిని కూడా అందులో గీస్తే ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది.

చేప వైపు నుంచి చూస్తే వాడన్నది నిజమే. గాలానికి చిక్కినా, వలలో పడినా, మందుకు తేలినా దానికి చావే. కానీ చెరువుకు అవన్నీ ఒకటి కావు. పట్టే మనిషికి కూడా ఒకటి కావని నా నమ్మకం. ఎందుకో చెప్పడానికి కొర్రమీనునే తీసుకుంటాను. పరిగలు పట్టడంలో ఇంత ఆలోచించాల్సింది లేదు. పిండిముద్ద వేస్తే వస్తాయి, నాలుగు పడితే కూరకు సరిపోతాయి. కొర్రమీను అలాంటిది కాదు.

దాని గురించి మన ఊళ్ల కుర్రాళ్లకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. గాలి పీల్చుకోవడానికి అది నీటి పైకి వస్తుంది. గుబుక్కుమన్న ఆ చిన్న చప్పుడును బట్టే అది ఎక్కడుందో పసిగడతాం. నీళ్లు తగ్గితే బురదలో దాగి బతుకుతుంది. వాన రాత్రి తడి నేల మీద పాక్కుంటూ ఒక మడుగు నుంచి ఇంకో మడుగుకు పోతుంది. ముల్లు తక్కువ, కండ ఎక్కువ. జబ్బుపడి లేచినవాళ్లకు వండిపెడతాం. తెలంగాణ ప్రభుత్వం దాన్ని రాష్ట్ర చేపగా పెట్టుకుంది. మా వైపు సంతలో మిగతా చేపలన్నిటి కంటే దానిదే పై ధర.

తవుడు ముద్ద దానికి పట్టదు, అది శీలావతికి పనికొస్తుంది. కొర్రమీనుకు కదిలేది కావాలి. వానపాము, మిడత, బతికున్న పరిగ పిల్ల, అన్నిటికన్నా మించి చిన్న కప్ప. పొద్దున్నే గానీ, పొద్దు వాలాక గానీ, కలువాకుల అంచునో తూటికాడల పక్కనో కప్పను నీటి మీద తడుపుతూ లాగితే, ఆకలిగా ఉన్న కొర్రమీను ఆగదు.

ఇందులో మోసం ఉందా? ఉంది. ముల్లును తిండి కింద దాస్తున్నాం. పగలు పిల్లలకు అబద్ధం ఆడకూడదని చెప్పిన మాస్టారే సాయంత్రం గట్టు మీద కూర్చుని నీళ్లలోకి ఒక అబద్ధాన్ని వదులుతాడు. నా మట్టుకు నాకు ఇది పెద్ద తప్పుగా కనిపించదు. అబద్ధం తప్పయ్యేది నమ్మినవాడి దగ్గర. చేప నన్ను నమ్మలేదు, దానికీ నాకూ ఏ మాటా లేదు. కొంగ కూడా ఎండుకొమ్మలా కదలకుండా నిలబడే కదా పట్టుకుంటుంది. పైగా కప్ప మీదకు దూకే కొర్రమీను కూడా ఆ సమయంలో వేటలోనే ఉంది. ఇద్దరు వేటగాళ్లలో ఒకరి ఎత్తు పారింది, అంతే. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఆ ఎరను వద్దనడానికి చేపకు వీలుంది. కడుపు నిండిన చేప ముట్టదు, అనుమానం వచ్చినది ముట్టదు. గాలం వేసేవాళ్లు ఎన్ని సాయంత్రాలు ఉత్త చేతులతో ఇంటికి వస్తారో వాళ్ల ఇంటి ఆడవాళ్లను అడగండి.

కానీ వానలు పడ్డాక ఇంకో పద్ధతి మొదలవుతుంది. గడ్డీ తూడూ ఉన్న చోట కొంచెం జాగా శుభ్రం చేసుకుని కొర్రమీను గుడ్లు పెడుతుంది. గుడ్లు నీటి మీద తేలతాయి. ఒకటి రెండు రోజుల్లో పిల్లలవుతాయి. వందలూ వేలూ ఎర్రటి పిల్లలు ఒక ముద్దగా కలిసి నీటి పైన తిరుగుతుంటాయి. ఎవరో నీళ్లలో కుంకుమ చల్లినట్టు ఉంటుంది. కిందే పెద్ద చేప కాపలా. పిల్లలు కాస్త ఎదిగి చెదిరిపోయేదాకా కొన్ని వారాలు అది ఆ చోటు వదలదు. కప్పో, పామో, ఇంకో చేపో దగ్గరకొస్తే విరుచుకుపడుతుంది.

మన కుర్రాళ్లు ఆ ఎర్ర గుంపును వెతుకుతారు. అది కనబడితే చాలు, సరిగ్గా దాని మధ్యలో కప్పను వేస్తారు. రెండు మూడు సార్లు వేస్తే పెద్ద చేప పట్టుకుంటుంది. ఇది దాదాపు గురి తప్పని పద్ధతి. అందుకే గొప్పగా చెప్పుకుంటారు కూడా.

నా దృష్టిలో గీత ఇక్కడ ఉంది. మొదటి పద్ధతిలో మనం దాని ఆకలికి ఎర వేశాం. రెండో పద్ధతిలో దాని కాపలాకు ఎర వేస్తున్నాం. అది తినడానికి నోరు తెరవలేదు, అడ్డుపడటానికి తెరిచింది. ఆ ఎరను వద్దనాలంటే అది పిల్లల్ని వదిలేసి పోవాలి. అంటే వద్దనే దారి దానికి లేకుండా చేశాం. పిల్లల దగ్గర తల్లికుక్క గుర్రుమంటే మనం రాయి తీయం, పక్కనుంచి పోతాం. పొదిగే కోడిని కోయం. నీళ్లలో ఉన్నదానికి వచ్చేసరికి ఆ మర్యాద ఎందుకు తప్పిపోయింది? బహుశా దాని మొహంలో మనకు ఏమీ కనబడదు కాబట్టి కావచ్చు.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. చేపకు ప్రేమా గీమా ఏమీ ఉండవు, ఒంట్లో పుట్టే గుణం అది. అదే కొర్రమీను ఇంకో కొర్రమీను పిల్లల్ని చూస్తే మింగేస్తుంది. నిజమే, మింగుతుంది. అయితే దానికి ప్రేమ ఉందా లేదా అన్నది తేలేదాకా నేను ఆగక్కర్లేదు. నేను దేన్ని వాడుకుంటున్నానో నాకు తెలుసు, అది చాలు. చేప తప్పూ ఒప్పూ చూడదు. చూడగలిగినవాడు గాలానికి ఈ చివర ఉన్నాడు. ఒకవేళ ఈ మాట ఎవరికీ ఎక్కకపోయినా లెక్క మాత్రం ఎక్కాలి. పెద్దదాన్ని లాగేస్తే ఆ ఎర్ర గుంపు జెల్లలకీ కొంగలకీ నీటిపాములకీ మేత అవుతుంది. ఒక్క చేప ధరకు ఒక కాపును అమ్ముకున్నట్టు.

కప్ప సంగతి కూడా చెప్పాలి. ఎవరూ దాన్ని లెక్కలోకి తీసుకోరు. వీపు చర్మంలో ముల్లు గుచ్చి, ఈదేలాగా, చావకుండా ఉండేలాగా చూసి మరీ గుచ్చుతారు. చేపనైతే తింటాం. కప్పను తినం. మన పొలంలో పురుగుల్ని తినే జీవి అది. విదేశాలకు కప్పకాళ్లు పంపడాన్ని 1987లో మన ప్రభుత్వం ఆపేసింది. ఇప్పుడు బస్తీ దుకాణాల్లో రబ్బరు కప్పలు వచ్చాయి. కొర్రమీను వాటికీ పడుతుంది. ప్లాస్టిక్ సామాను చెరువులోకి తేవడం నాకు ఇష్టం లేకపోయినా ఈ ఒక్కదాని విషయంలో మెత్తబడుతున్నాను.

ఇక మందు. ఆదివాసులు చెరువుల్లో విషం కలుపుతారని బయటివాళ్లు తేలిగ్గా అనేస్తారు. మన పెద్దలు ఎండాకాలం వాగు తెగి మిగిలిన గుంటల్లో మంగకాయలు దంచి వేసేవాళ్లు, ఇప్పచెక్క కలిపేవాళ్లు. ఇప్పచెక్కలో ఉన్న పదార్థం చేప మొప్పల మీదా రక్తం మీదా పనిచేస్తుంది. ఆ చేపను తిన్న మనిషికి ఏమీ కాదు. రెండు మూడు వారాల్లో దాని విషం విరిగిపోయి నీళ్లకు ఎరువవుతుంది. చేపల చెరువుల రైతులు ఇదే ఇప్పచెక్కను హెక్టారుకు 2000 నుంచి 2500 కిలోల దాకా వేస్తారు. పెంపకం పిల్లలను వదిలే ముందు కొర్రమీనులాంటి వాటిని తీసేయడానికి అది శాస్త్రీయ పద్ధతిగా పుస్తకాల్లోనే ఉంది. 1897 నాటి ఇండియన్ ఫిషరీస్ చట్టం మాత్రం మందుగుండుతో గానీ విషంతో గానీ చేపల్ని చంపడాన్ని నేరం చేసి, రెండు నెలల దాకా జైలు, 200 రూపాయల దాకా జరిమానా పెట్టింది. గుంటలో వేసిన మంగకాయకూ, చెరువులో పోసిన పురుగుల మందుకూ ఆ చట్టంలో వేరే మాటలు లేవు.

అయినా చట్టం తప్పు చూపించి మనం తప్పించుకోలేం. ఎలాగూ పది రోజుల్లో ఎండిపోయే గుంటలో అందరూ కలిసి పట్టి అందరూ పంచుకున్న చేప వేరు. ఏడాది పొడవునా నీళ్లుండే చెరువులో రాత్రిపూట ఇద్దరు పురుగుల మందు పోసి, తెల్లారేసరికి పెద్దవి ఏరుకుపోయి, చిన్నవాటిని ఒడ్డున కుళ్లబెట్టి పోవడం వేరు. ఆ నీళ్లే గొడ్లు తాగుతాయి. రెండోదానికి మొదటిదాని పేరు చెప్పి "ఇది మన సంప్రదాయమే" అనే కుర్రాళ్లను చూశాను. సంప్రదాయం మందులో లేదు, గుంటలోనూ పంపకంలోనూ ఉంది.

ఇక్కడ పెద్దల్ని మరీ ఆకాశానికి ఎత్తడం కూడా నాకు నచ్చదు. పాతకాలం వాళ్లు చెరువును కాపాడుకున్నారంటాం. అందులో ఎంత వాళ్ల మనసు, ఎంత వాళ్ల పనిముట్టు? వెదురు పుల్లలతో అల్లిన మావులో పుల్లకీ పుల్లకీ మధ్య సందు ఉంటుంది. చిన్న చేప తనంతట తనే బయటికి పోతుంది, దాన్ని ఎవరూ దయతలచి వదలక్కర్లేదు. ఊత వేయాలంటే మోకాలి లోతు నీళ్లే ఉండాలి. లోతుకు పోయిన చేప బతికిపోయినట్టే. అంటే హద్దు వాళ్ల చేతిలో కాదు, అల్లికలోనే ఉంది. మనకు నైలాన్ వల వచ్చింది. మలేరియా కోసం ఇచ్చిన దోమతెర వచ్చింది. దాని కన్నులోంచి చీమతలంత పిల్ల కూడా పోదు, దానికి పూసిన మందు నీళ్లలో చేపలకు విషం. బ్యాటరీకి తీగలు కట్టి కరెంటు పెట్టేవాళ్లు వచ్చారు. ఈ పనిముట్లలో ఏ సందూ లేదు. మావు చేసిన పని ఇప్పుడు మనిషి చేయాలి. తాత ఆలోచించక్కర్లేని చోట మనవడు ఆలోచించాలి. మన యువకులు తాతల కంటే చెడ్డవాళ్లు కారు, తాతలకు ఎదురుకాని పరీక్ష వీళ్లకు ఎదురైంది.

మరి అవసరం ఉన్నవాళ్ల మాటేమిటి? వానాకాలమే ఇంట్లో గింజలు నిండుకునే కాలం. అప్పుడే జ్వరాలు. కిలోన్నర కొర్రమీను సంతకు పోతే ఆస్పత్రి ఖర్చులు వస్తాయి. ఆ ఇంటివాడు ఎర్ర గుంపు మీద కప్ప వేస్తే వాడికి నీతి చెప్పడానికి నాకు నోరు రాదు. నెల జీతం వచ్చే మాస్టారు చెప్పే నీతి చవకైనది. కానీ నేను చూసినంతలో ఎర్ర గుంపు వెతికేవాళ్లలో ఎక్కువమంది ఆ ఇంటివాళ్లు కారు. సెల్‌ఫోన్లో ఫొటో కోసం పట్టేవాళ్లు, బస్తీ నుంచి బండ్ల మీద వచ్చేవాళ్లు, వాళ్లకు జాగా చూపించి వంద రూపాయలు తీసుకునే మనవాళ్లు. ఆకలితో ఉన్నవాడి పేరును వీళ్లు అరువు తెచ్చుకోకూడదు.

మా కోయ ఊళ్లలో మామిడికి కొత్త పండుగ ఉంది. అది అయ్యేదాకా కొత్త కాయ నోట పెట్టం. చిక్కుడుకు ఉంది. కొర్రమీనుకు మాత్రం మా ఊళ్లో లేదు. దాని అవసరం అప్పట్లో రాలేదేమో. ఇప్పుడు ఎందుకు పెట్టుకోకూడదని అడుగుతున్నాను. 1996 నాటి పీసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల ప్రణాళికనూ నిర్వహణనూ పంచాయతీలకు అప్పగించింది. 2006 అటవీ హక్కుల చట్టం నీళ్లలోని చేపల మీద సామూహిక హక్కును గుర్తించింది. హక్కు ఉందంటే ఎప్పుడు పట్టాలో చెప్పుకునే అధికారమూ ఉన్నట్టే. కొత్త పండుగలు చేసుకునే హక్కు తాతలతోనే అయిపోలేదు.

ఈ మాట మా ఊళ్లో అన్నాను. తేదీ పెట్టడం కుదరదన్నారు పెద్దలు, వాన ఏ ఏడు ఎప్పుడొస్తుందో తెలియదు కనుక. అది సరైన మాటే. ఎర్ర గుంపు కనబడిన చోటుకు ఎదురుగా గట్టు మీద ఒక వెదురు కర్ర పాతాలనీ, పిల్లలు చెదిరిపోయాక చూసినవాళ్లే పీకేయాలనీ, మిగతా చెరువంతా ఎప్పటిలాగే గాలాలు వేసుకోవచ్చనీ ఒక అనుకోలు వచ్చింది. కర్ర ఉన్నచోట గాలం వేసినవాడిని ఏం చేయాలన్న దగ్గర ఆగింది. జరిమానా వద్దు, పట్టిన చేపను ఆ రోజు బడిలో వండించి పిల్లలకు పెడితే చాలని నేనంటున్నాను. అలా అయితే బడి పిల్లలే వాళ్లకు జాగా చూపిస్తారని మా బావ అంటున్నాడు.