ముందు అన్నం, తర్వాత పిలుపు

ఒంగోలు

చిట్టితల్లీ,



అమ్మ పోయాక మోకరిస్తే మాట రావడం లేదనీ, చర్చిలో అందరూ "దేవుని చిత్తం" అంటుంటే లేచి వెళ్లిపోవాలనిపిస్తోందనీ రాశావు. అందులో తప్పేమీ లేదమ్మా. యోబు స్నేహితులు ఏడు రోజులు నోరు మెదపకుండా ఆయన పక్కన కూర్చున్నారు. నోరు తెరిచాకే ఆయన్ని నొప్పించారు. నీకు మాట రాకపోతే 88వ కీర్తన తియ్యి. మొరతో మొదలై చీకటితోనే ముగుస్తుంది. చివర ఓదార్పు లేదు. అయినా అది ప్రార్థనే.

ఈ బాధలో దేవుని ఉద్దేశం ఏమిటని అడిగావు. జవాబు ఇప్పుడే వెతుక్కోకు. యెజెబెలు రాణి బెదిరింపుకు పారిపోయిన ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద కూలబడి, ఇక చాలు, చావనివ్వమన్నాడు. దూత ఆయన విశ్వాసాన్ని నిలదీయలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, బుడ్డితో నీళ్లు పెట్టాడు. తిని పడుకుంటే మళ్లీ లేపి తినమన్నాడు. హోరేబు కొండమీద దేవుని ప్రశ్న ఆ తర్వాత. ఎలీషాను అభిషేకించే పని ఇంకా తర్వాత.

మన ఒంగోలులోనూ అదే వరస. 1876లో మొదలైన కరువుకు జనం రాలిపోతుంటే బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వాళ్లకు కూలి దొరికేలా చేశాడు. బోధకులే మేస్త్రీలు. కూలీలు తట్టలు దించి అలుపు తీర్చుకునేటప్పుడు వాళ్ల పక్కనే కూర్చుని మాట్లాడేవారు. బాప్తిస్మం ఇమ్మని ఎందరడిగినా, తిండి కోసం చేరారన్న మాట రాకూడదని, కరువు సాయం నడిచినంతకాలం దొర ఇవ్వలేదు. సాయం ఆగాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. ఊరు వెలి ఉంచిన మాదిగలే అందులో ఎక్కువ. తమ ఇంట్లో చావు ఎందుకొచ్చిందో వాళ్లకెవరూ విప్పి చెప్పి ఉండరు. ఆకలిలో తోడున్నవాళ్ల దేవుణ్ణి నమ్మారనుకుంటాను.

బాధ దానంతటది ఎవర్నీ భక్తుల్ని చెయ్యదు. కరుకుగా మారినవాళ్లనూ చూశాను. అందుకని ముందు వేళకు తిను. నిద్ర పట్టకపోతే డాక్టరుకు చూపించుకో. మాత్ర వేసుకోవడం అవిశ్వాసం కాదు. ఆదివారం వెనకాల కూర్చో, పాటకు గొంతు కలపకపోయినా ఫరవాలేదు. ఎప్పుడో నీలాగే అమ్మను పోగొట్టుకున్న పిల్ల ఒకతి నీ పక్కకు వస్తుంది. ఆమెకు వాక్యాలు వల్లించకు. తిన్నావా అని అడుగు. మనం పొందిన ఆదరణ ఇంకొకరిని ఆదరించడానికేనని పౌలు కొరింథీయులకు రెండో పత్రిక మొదట్లోనే రాశాడు. నువ్వడిగిన ఉద్దేశం అక్కణ్ణుంచి మొదలవుతుంది.

వచ్చే వారం పెద్దమ్మను పంపుతున్నాను. నెల్లాళ్లు ఉంటుంది. వంట సంగతి ఆవిడకు వదిలెయ్యి.

నీ పెదనాన్న