చేయి తిరిగిన ప్రక్రియను విడిచినప్పుడు

పేరు తెచ్చిపెట్టిన ప్రక్రియను వదిలి, ఇంకా తనకు లొంగని మరో ప్రక్రియను రచయిత చేపట్టడం ధర్మమా, చాపల్యమా? సాహిత్య విమర్శ దీన్ని శైలికి సంబంధించిన సంగతిగా చూసి ఊరుకుంటుంది. కానీ ఈ ప్రశ్న వేళ్ళు స్వధర్మంలో, ఫలాపేక్షలో, అభయంలో ఉన్నాయి. దీన్ని పరిశీలించడానికి తంగళ్ళపల్లి పరిసరాలు తగిన చోటు. మానేరు నది దాటితే సిరిసిల్ల, అక్కడి నుంచి కొద్ది దూరంలో వేములవాడ. పదో శతాబ్దపు పంపకవికి ఆశ్రయమిచ్చిందీ, ఇరవయ్యో శతాబ్దపు సి. నారాయణరెడ్డికి (సినారె) జన్మనిచ్చిందీ ఈ ప్రాంతమే.

ప్రక్రియ మార్చడాన్ని తప్పుపట్టేవారు సాధారణంగా భగవద్గీత మూడో అధ్యాయాన్ని ఆశ్రయిస్తారు. ఎవరి ధర్మం వారికి శ్రేయస్కరమని, ఇతరుల ధర్మంలో భయం పొంచి ఉంటుందని కృష్ణుడు అర్జునుడికి చెప్పిన ఘట్టం అది. పద్యం రాసేవాడు పద్యమే రాయాలి, కథకుడు కథే చెప్పాలి, అందులోనే వారి శ్రేయస్సు ఉందని దీని నుంచి తేల్చేస్తారు. అయితే ఆ శ్లోకం పోలుస్తున్నది వేటిని? ఒకవైపు గుణం తక్కువైనా తనదైన ధర్మం, మరోవైపు చక్కగా ఆచరించిన పరధర్మం. అంటే నైపుణ్యం స్వధర్మానికి గుర్తు కాదు. బాగా చేయగలుగుతున్నాడు కాబట్టి అది అతనిదే అనుకోవడానికి గీత ఆధారం ఇవ్వదు.

ఇక్కడే ప్రశ్న తలకిందులవుతుంది. ఇరవై ఏళ్ళు ఒకే ప్రక్రియలో రాసిన రచయితకు చేయి తిరుగుతుంది. ఎత్తుగడ ఎక్కడ, ముగింపు ఎక్కడ, చప్పట్లు ఎక్కడ పడతాయో ముందే తెలిసిపోతుంది. కొంతకాలానికి ఆ రచనను నడిపించేది అతని అంతరంగం కాక పాఠకుల అలవాటు కావచ్చు. అలా జరిగిననాడు ఆ పాత ప్రక్రియే చక్కగా ఆచరించిన పరధర్మం. చెప్పవలసిన మాట కోసం తడబడుతూ చేపట్టిన కొత్త ప్రక్రియ, గుణం తక్కువైనా, స్వధర్మం. రచయిత స్వధర్మం ప్రక్రియలో ఉండదు, తాను చెప్పి తీరవలసిన విషయంలో ఉంటుంది. గీతను ప్రక్రియల కావలివాడిగా నిలబెట్టేవారు ఈ తేడాను గమనించరు.

పంపడు జైనుడు. వేములవాడ చాళుక్య రాజు రెండో అరికేసరి ఆస్థానంలో కన్నడంలో రచన చేశాడు. క్రీ.శ. 941లో పూర్తయిన ఆదిపురాణం తొలి తీర్థంకరుడు వృషభనాథుడి చరిత్ర, పూర్తిగా మతగ్రంథం. ఆ తర్వాత అతను విక్రమార్జున విజయం చేపట్టాడు. వ్యాసుడి భారతకథను తీసుకొని, అందులోని అర్జునుడిలో తన ఏలిక అరికేసరిని నిలిపాడు. ద్రౌపదిని అర్జునుడొక్కడికే భార్యను చేశాడు. రూపం దృష్టితో చూస్తే రెండూ గద్యపద్యాలు కలిసిన చంపువులే. మారింది కావ్యానికి ఉన్న పని. మొదటిది ఆగమం, రెండోది లౌకికం అనే విభజన పంపడే చేసుకున్నాడు. భక్తుడైన జైనకవి తన మతానిది కాని ఇతిహాసాన్ని, అదీ ఇంత స్వేచ్ఛగా మార్చి చెప్పడం చిన్న సాహసం కాదు. అయితే ఇందులో రాజాదరణ పాలు కూడా ఉంది. ధర్మవురం అనే అగ్రహారం అతనికి దక్కిన సంగతి, తమ్ముడు జినవల్లభుడు కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద చెక్కించిన శాసనంలో ఉంది. పంపడు దాటిన హద్దు పెద్దదే, కానీ దాటినందుకు లాభమే కలిగింది. కనుక ధైర్యానికి అతని జీవితం కంటే అతను ఆదిపురాణంలో చెప్పిన ఒక కథే మంచి ఉదాహరణ.

అది బాహుబలి కథ. అన్న భరతుడితో ద్వంద్వయుద్ధంలో బాహుబలి గెలుస్తాడు. రాజ్యం చేతిలోకి వచ్చిన క్షణంలోనే దాన్ని వదిలి తపస్సుకు వెళ్తాడు. ఓడినవాడి వైరాగ్యం తేలికగా అర్థమవుతుంది, గెలిచినవాడి వైరాగ్యం అంత తేలికగా అర్థం కాదు. కఠోపనిషత్తులో నచికేతుడు యముడు చూపిన సిరిసంపదలను కాదని శ్రేయస్సును కోరుకున్నాడు. అయితే అవి ఇంకా అతని చేతికి రాని వస్తువులు. పేరు పొందిన రచయిత పరిస్థితి బాహుబలికి దగ్గరగా ఉంటుంది, ఎందుకంటే అతను వదలవలసినది ఇప్పటికే తనది. ఆ కథలో గమనించవలసినది మరొకటి ఉంది. ఒంటికి తీగలు అల్లుకునేంత తపస్సు చేసినా బాహుబలికి వెంటనే కేవలజ్ఞానం కలగలేదు. మనసులో ముల్లులాంటి ఒక శల్యం మిగిలిపోయింది, అది తొలగాకే జ్ఞానం కలిగింది. ప్రక్రియను విడిచినా పాత కీర్తిని మనసులో పట్టుకు కూర్చున్న రచయితలకు ఇది సరిగ్గా వర్తిస్తుంది. వారి కొత్త రచనలో పాత చప్పట్ల కోసం వెతుకులాట కనిపిస్తూనే ఉంటుంది.

ఇక ఈ ప్రాంతపు రెండో కవి సినారె. వేములవాడ దగ్గరి హనుమాజీపేటలో 1931లో పుట్టిన ఆయన చదువు ఉర్దూ మాధ్యమంలో సాగింది. నాగార్జునసాగరం (1955), కర్పూర వసంతరాయలు (1957) వంటి గేయకావ్యాలు ఆయనకు పేరు తెచ్చాయి. రెండోదాని ఇతివృత్తం కొండవీటి కుమారగిరిరెడ్డికీ, నర్తకి లకుమకూ సంబంధించినది. కథ, లయ, గానయోగ్యత ఆ కావ్యాల బలం. 1962లో గులేబకావళి కథ చిత్రానికి పాటలన్నీ రాసి సినిమారంగంలో అడుగుపెట్టారు. సినిమా పాటను పండితులు చిన్నచూపు చూసిన రోజులవి కనుక ఈ మలుపుకూ కొంత తెగువ కావాలి. అయినా ప్రజాదరణ, రాబడి ఎదురుచూస్తున్న చోటికి వెళ్ళడం గొప్ప పరీక్ష కాదు.

అసలు పరీక్ష ఆ తర్వాత ఎదురైంది. పాటకవిగా ఇంటింటా తెలిసిన మనిషి, శ్రోతలను కట్టిపడేసే లయను తగ్గించుకుని, 1970లో మంటలూ-మానవుడూ అనే వచన కవితా సంపుటిని వెలువరించారు. దానికి 1973లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. 1980లో విశ్వంభర వచ్చింది. అందులో రాజూ లేడు, నర్తకీ లేదు, వరుసగా చెప్పుకుపోయే కథా లేదు. నాయకుడు మానవుడు, రంగస్థలం ఈ భూమి. ఆదిమ దశ నుంచి మనిషి అన్వేషణను అనుసరించే ఆ వస్తువు కర్పూర వసంతరాయల మాత్రాఛందస్సులో ఇమిడేది కాదు. వస్తువు మారింది కాబట్టి రూపం మారింది. 1988 సంవత్సరానికి జ్ఞానపీఠం ఆ కావ్యానికి దక్కింది, కానీ ధైర్యాన్ని ఆ పురస్కారంతో కొలవకూడదు. విశ్వంభర విఫలమై ఉన్నా ఆ మలుపు అంతే ధర్మబద్ధంగా ఉండేది. కర్మ మీదే అధికారమని గీత అన్నది ఫలితం తేలకముందు నిలబడే మనిషికే. పైగా సినారె పాటను పూర్తిగా విడవలేదు. సినిమా పాటలు రాస్తూనే, తాను చదువుకున్న ఉర్దూలోని గజల్‌ను తెలుగులో రాసి, పాడి ప్రచారంలోకి తెచ్చారు. త్యాగమంటే పాతదాన్ని నరికివేయడమే కానక్కరలేదు, దాని మీద ఆధారపడకుండా ఉండటం చాలు.

ప్రతి మార్పునూ ధైర్యమనలేం. శ్రీశ్రీ పద్యసంపుటి ప్రభవ 1928లో వచ్చేనాటికి ఆయన వయసు పద్దెనిమిదేళ్ళు. అక్కడి నుంచి మహాప్రస్థానం గీతాల వైపు మళ్ళడం తెలుగు కవిత్వాన్నే మార్చింది. దానికి ప్రతిభ, నిజాయితీ కావలసి వచ్చాయి, పోగొట్టుకోవడానికి పేరు మాత్రం అప్పటికి పెద్దగా లేదు. విజయం తర్వాతి మార్పులో భయం వేరు. తనను ప్రేమించిన పాఠకులే తనను గుర్తుపట్టకపోవచ్చన్న భయం అది. అరిస్టాటిల్ ధైర్యాన్ని పిరికితనానికీ దుడుకుతనానికీ మధ్య నిలిపాడు. పోయేదాని విలువ తెలియకుండా దూకడం దుడుకు. పాఠకుల ఆదరణ విలువ తెలిసి, దానికి కృతజ్ఞత ఉండి, అయినా దాన్ని యజమానిగా ఒప్పుకోకపోవడం ధైర్యం. గీత పదహారో అధ్యాయం దైవీసంపదను లెక్కించేటప్పుడు అభయంతో మొదలుపెట్టి వెంటనే అంతఃకరణ శుద్ధిని చెబుతుంది. రచయిత విషయంలో ఈ రెండింటినీ విడదీయలేం. విసుగుతోనో, సమకాలికులతో పోటీపడో, కొత్త మార్కెట్ కోసమో మారినవాడికి భయం లేకపోవచ్చు, శుద్ధి మాత్రం ఉండదు.

పాఠకుడికి రచయిత మీద హక్కు ఉందా అన్నది మిగిలిన ప్రశ్న. ఆదరించినవారికి రచయిత రుణపడి ఉంటాడు, కానీ ఆ రుణం నిజాయితీ గల రచనతో తీరేది, పాత రచన నకళ్ళతో తీరేది కాదు. ఉన్నచోటే ఉండిపోయినవారిని పిరికివారనడం కూడా అన్యాయమే. తాళ్ళపాక అన్నమయ్య శతకాలు, శృంగార మంజరి వంటివి రాసినా జీవితమంతా సంకీర్తననే పట్టుకున్నాడు. ఆయన చెప్పవలసినది ఆ రూపంలో అయిపోలేదు కనుక దాన్ని విడవవలసిన అవసరం రాలేదు. సినారెకు కర్పూర వసంతరాయల నాటి రూపాన్ని విడవవలసిన అవసరం వచ్చింది. ఆయన 2017లో మరణించేదాకా రాస్తూనే ఉన్నారు.